గురి ఎవరిది?



ఈ రోజు ఒక తగువు గురించి మాట్లాడుకుందాం. చాలా ఇళ్లలో తలుపు వేసిన గదిలోంచి వినిపించే తగువు ఇది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెర ముందు కూర్చుని, ఎక్కడో ఖండాంతరాల్లో ఉన్నవాళ్లతో మన పిల్లలు వాదిస్తుంటారు. "వాడిది కంట్రోలర్, గురి వాడిది కాదు, ఆటే పెట్టిస్తోంది" అంటాడు ఒకడు. "నీ చేతిలో మౌస్ ఉంది, పైగా హ్యాక్ చేస్తున్నావు" అంటాడు అవతలివాడు. వినే పెద్దవాళ్లకు అది ఆటబొమ్మల గొడవలా ఉంటుంది. కానీ కాస్త నిలబడి వింటే దాని అడుగున చాలా పెద్ద ప్రశ్న ఉంది. వేర్వేరు సాధనాలు పట్టుకున్న ఇద్దరు ఒకే మైదానంలో తలపడితే, ఆ పోటీ న్యాయమైనదని ఎప్పుడు అనాలి? ఎవరు అనాలి?

ఈ తగువు బాగా ముదిరిన ఆట ఒకటి తీసుకుందాం. దాని పేరు ‘కాల్ ఆఫ్ డ్యూటీ: వార్‌జోన్’. అమెరికాకు చెందిన యాక్టివిజన్ సంస్థ 2020 మార్చి 10న విడుదల చేసింది. ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు. మొదట్లో వెర్డాన్స్క్ అనే కల్పిత నగరం మీద 150 మంది ఒకేసారి ప్యారాచూట్లలో దిగేవాళ్లు. ఆయుధాలు ఏరుకునేవాళ్లు, ఒకరినొకరు వేటాడేవాళ్లు, ఆఖరికి మిగిలిన జట్టు గెలిచేది. సరిగ్గా అప్పుడే కరోనా ప్రపంచాన్ని ఇళ్లలో కూర్చోబెట్టింది. పది రోజుల్లోనే 3 కోట్ల మంది ఈ ఆట ఆడారని కంపెనీ ప్రకటించింది.

ఆ 150 మందీ ఒకే రకం యంత్రం మీద ఆడేవాళ్లు కారు. కొందరిది ప్లేస్టేషన్, కొందరిది ఎక్స్‌బాక్స్. వీటిని కన్సోల్ అంటారు. టీవీకి తగిలించి, రెండు చేతులా కంట్రోలర్ పట్టుకుని, సోఫాలో కూర్చుని ఆడే యంత్రాలు. మిగిలినవాళ్లది పీసీ, అంటే కంప్యూటర్. బల్ల ముందు కూర్చుని, కుడిచేతిలో మౌస్, ఎడమచెయ్యి కీబోర్డ్ మీద. ఇలా వేర్వేరు యంత్రాలవాళ్లు కలిసి ఆడటాన్ని క్రాస్‌ప్లే అంటారు. ఈ కలయికతోనే ఆటకు అంత జనం వచ్చారు, తగువుకూ అంత జనం వచ్చారు.

ముందు చేతుల సంగతి చూద్దాం. మౌస్‌ను బల్ల మీద ఒక అంగుళం జరిపితే తెర మీద చూపు ఆ మేరకు జరిగి ఆగుతుంది. చెయ్యి ఆగితే చూపూ ఆగుతుంది. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి, భుజం, అన్నీ పని చేస్తాయి. కంట్రోలర్‌లో అలా కాదు. అక్కడ కుడి బొటనవేలి కింద ఒక చిన్న స్టిక్ ఉంటుంది. దాన్ని తోస్తే చూపు ఎక్కడ ఆగాలో చెప్పినట్టు కాదు, ఎంత వేగంగా తిరగాలో చెప్పినట్టు. శత్రువు మీదికి చూపు రాగానే, సరిగ్గా ఆ క్షణంలో వేలు వెనక్కి తీసుకోవాలి. కాస్త తొందరపడితే ఇవతలే ఆగిపోతుంది, కాస్త ఆలస్యమైతే దాటిపోతుంది. బొటనవేలు కదిలే చోటు కూడా సెంటీమీటరుకు అటూఇటూ.

ఇది ఆటగాళ్లు చెప్పుకునే మాట మాత్రమే కాదు. 1978లో జెరాక్స్ సంస్థ పరిశోధనశాలలో స్టువర్ట్ కార్డ్, విలియం ఇంగ్లిష్, బెట్టీ బర్ అనే ముగ్గురు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. తెర మీద ఒక చోటును చూపించడానికి మౌస్, జాయ్‌స్టిక్, రెండు రకాల మీటలు, మొత్తం నాలుగు సాధనాలను పోల్చారు. వేగంలోనూ, తప్పులు తక్కువగా చేయడంలోనూ మౌస్‌దే పైచేయి అయింది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌తో కలిసి మొదటి మౌస్‌ను తయారు చేసిన మనిషి ఈ విలియం ఇంగ్లిషే. అంటే ఇలాంటి తుపాకుల ఆటలు ఇళ్లలోకి రాకముందే ఈ రెండు చేతుల మధ్య తేడా కొలిచి పెట్టి ఉంది.

మొదట్లో ఎవరి మైదానం వాళ్లది. తుపాకీ పట్టుకున్నవాడి కళ్లలోంచి లోకాన్ని చూపించే ఆటలు పీసీ మీద పెరిగి పెద్దవయ్యాయి. 1993లో ‘డూమ్’, 1996లో ‘క్వేక్’ వచ్చాయి. 1997లో డెనిస్ ఫాంగ్ అనే కుర్రాడు అమెరికాలో క్వేక్ పోటీ గెలిచి, ఆ ఆట రూపకర్తల్లో ఒకరైన జాన్ కార్మాక్ సొంత ఫెరారీ కారును బహుమతిగా ఎగరేసుకుపోయాడు. ఎడమచేతి వేళ్లను డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటల మీద, కుడిచెయ్యి మౌస్ మీద పెట్టి ఆడే పద్ధతికి అతని వల్లే అంత ప్రచారం వచ్చింది. ఇవాళ్టికీ పీసీ ఆటగాడు కూర్చునే తీరు అదే.

అదే 1997లో కన్సోల్ మీద ‘గోల్డెన్‌ఐ 007’ వచ్చింది. ఒకే టీవీని నాలుగు ముక్కలు చేసి నలుగురు స్నేహితులు ఒకే గదిలో ఆడారు. 2001 నవంబర్ 15న మొదటి ఎక్స్‌బాక్స్‌తో పాటు ‘హేలో’ వచ్చింది. కన్సోల్ మీద ఇలాంటి ఆట కుదురుతుందా అన్న అనుమానం దాంతో తీరిపోయింది. ఎందుకు తీరింది? శత్రువు దగ్గరికి రాగానే చూపు వేగం కొంచెం తగ్గేలా, గురి కాస్త తప్పినా తూటా తగిలేలా ఆట లోపలే ఏర్పాటు చేశారు. ఈ సాయాన్నే ఎయిమ్ అసిస్ట్ అంటారు. బొటనవేలితో ఆడేవాళ్ల మధ్య అందరికీ ఒకే సాయం, కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు.

హేలో వెనక పీసీవాళ్లకు ఒక నొప్పి ఉంది. ఆ ఆటను 1999లో స్టీవ్ జాబ్స్ వేదిక మీద లోకానికి పరిచయం చేసినప్పుడు అది కంప్యూటర్లకు రావలసిన ఆట. మరుసటి ఏడాది దాని తయారీదారు బంగీ సంస్థను మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఆట ఎక్స్‌బాక్స్‌కు వెళ్లింది. పీసీకి రావడానికి 2003 దాకా పట్టింది. తమ ఇంట్లో పెరిగినదాన్ని పక్కింటివాళ్లు పట్టుకుపోయారన్న బాధ అప్పుడు మొదలైంది.

ఆ బాధ 2009లో కోపంగా మారింది. ఆ ఏడాది నవంబర్ 10న ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2’ విడుదలైంది. అంతవరకు పీసీ ఆటగాళ్లు సర్వర్లు అద్దెకు తీసుకుని తామే నడుపుకునేవాళ్లు. ఏ మైదానంలో ఆడాలి, ఎంతమంది ఉండాలి, నియమాలేమిటి, మోసం చేసినవాణ్ని ఎప్పుడు గెంటాలి, అన్నీ వాళ్లే తేల్చుకునేవాళ్లు. కొత్త ఆటలో ఆ సర్వర్లు ఎత్తేశారు. కన్సోల్‌లో లాగే ఎవరితో ఎవరిని కలపాలో ఇక కంపెనీయే చూస్తుందన్నారు. ఒక మ్యాచ్‌లో 18 మందికి మించి ఉండకూడదన్నారు. లక్ష మందికి పైగా సంతకాలు చేసి నిరసన తెలిపారు. ఆట మాత్రం ఉత్తర అమెరికా, బ్రిటన్‌లలోనే మొదటి రోజు 47 లక్షల కాపీలు అమ్ముడుపోయింది. నిరసనను పట్టించుకున్నవాళ్లు లేరు.

ఆనాడు పీసీ ఆటగాళ్లు కోల్పోయింది సర్వర్లను మాత్రమే కాదు. తమ మైదానం మీద తమకున్న పెత్తనం పోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్లీ అవసరం పడుతుంది.

ఇక రెండు లోకాల మధ్య గోడ ఎలా పడిందో చూద్దాం. 2007లోనే ‘షాడోరన్’ అనే ఆటలో మైక్రోసాఫ్ట్ పీసీనీ ఎక్స్‌బాక్స్‌నూ కలిపి చూసింది. అది నిలబడలేదు. గోడను నిజంగా కూల్చింది ‘ఫోర్ట్‌నైట్’. 2018 జూన్‌లో నింటెండో స్విచ్ కొన్న పిల్లలకు ఒక చేదు వార్త తెలిసింది. ప్లేస్టేషన్ మీద వాడిన తమ ఫోర్ట్‌నైట్ ఖాతా అక్కడ పనిచేయదు. తప్పు ఎక్కడుందంటే, ఇతర కన్సోళ్లతో కలవడానికి సోనీ ఒప్పుకోలేదు. అన్ని వైపుల ఆటగాళ్లూ ఒక్కటై గోల పెట్టారు. మూడు నెలలకు, ఆ ఏడాది సెప్టెంబర్‌లో, సోనీ దిగివచ్చి తలుపు తీసింది. 2019 అక్టోబర్‌లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ ఆ తలుపులోంచే నడిచింది. మరుసటి మార్చిలో వార్‌జోన్.

గోడ పడ్డాక రెండు వైపుల మనుషులూ మొదటిసారి ఒకరినొకరు దగ్గరగా చూశారు. చూసింది నచ్చలేదు.

ముందు కన్సోల్ ఆటగాడి గోడు వినండి. అతని మొదటి ఫిర్యాదు మోసం గురించి. పీసీ అంటే తెరిచి ఉన్న యంత్రం. అందులో యజమాని ఏ ప్రోగ్రామైనా నడపగలడు. గోడల అవతల ఉన్న మనిషిని చూపించే ప్రోగ్రాములు, గురిని తానే శత్రువు తలకు అతికించే ప్రోగ్రాములు డబ్బుకు దొరుకుతాయి. కన్సోల్ మూసి ఉన్న పెట్టె, అందులో ఇవి నడిపించడం చాలా కష్టం. వార్‌జోన్ వచ్చిన కొద్ది వారాలకే 70,000 మందికి పైగా మోసగాళ్లను నిషేధించామని కంపెనీ చెప్పింది. 2021 మే నాటికి ఆ లెక్క 5 లక్షల ఖాతాలు దాటింది. తన ఇంట్లోకి రాని దొంగ కలిసి ఆడటం వల్ల వచ్చాడు కదా అని కన్సోల్ ఆటగాడు అడిగితే ఏం జవాబు చెప్పగలం? క్రాస్‌ప్లే ఆపేసుకుని ఆడదామంటే, తోడు ఆటగాళ్లు తగ్గి మ్యాచ్ దొరకడమే ఆలస్యమయ్యేది.

రెండో ఫిర్యాదు చూపు వెడల్పు. కంటికి ఎంత మేర కనబడాలో పీసీ ఆటగాడు తానే నిర్ణయించుకోగలడు, వార్‌జోన్‌లో 120 డిగ్రీల దాకా పెంచుకోగలడు. కన్సోల్ ఆటగాడికి అప్పట్లో 80 దగ్గర బిగించేశారు. పక్కనుంచి వచ్చే మనిషి ఒకరికి కనిపించేవాడు, మరొకరికి కనిపించేవాడు కాదు. ఇందులో నైపుణ్యం మాటే లేదు. వార్‌జోన్‌లో కన్సోల్‌వాళ్లకు ఆ వెసులుబాటు 2022 నవంబర్‌లో కొత్త వార్‌జోన్ వచ్చేదాకా అందలేదు.

మూడోది బొమ్మ వేగం. పాత కన్సోల్ సెకనుకు 60 బొమ్మలు చూపిస్తే, మంచి పీసీ 144 లేదా అంతకు మించి చూపిస్తుంది. అంటే ఒకరికి 17 మిల్లీసెకన్లకోసారి కొత్త బొమ్మ వస్తే, మరొకరికి 7 మిల్లీసెకన్లకోసారి వస్తుంది. మూల మలుపులో ఇద్దరూ ఎదురుపడినప్పుడు ఈ తేడాకు విలువ ఉంటుంది. ఆ తేడా వెనక డబ్బు ఉంది. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు ధర 49,990 రూపాయలు. ఆ స్థాయిలో ఆడించే పీసీకి గ్రాఫిక్స్ కార్డు, మానిటర్, మిగతా సరంజామా అన్నీ కలిపితే అంతకంటే బాగా ఎక్కువే అవుతుంది.

ఇప్పుడు పీసీ ఆటగాడి గోడు. అతను చెప్పేదంతా ఎయిమ్ అసిస్ట్ గురించే. శత్రువు మీద చూపు నెమ్మదించడం వరకైతే అతనికీ అభ్యంతరం లేదు. కానీ ఇప్పటి ఆటల్లో దానికి తోడు ఇంకొకటి ఉంది, రొటేషనల్ ఎయిమ్ అసిస్ట్ అంటారు. మీరు నడుస్తున్నారు, శత్రువు మీ గురి పక్కన అడ్డంగా కదిలాడు. మీ కుడి బొటనవేలు ఏమీ చేయకముందే చూపు అతనితో పాటు కొంత తిరుగుతుంది. మనిషి కంటితో చూసి, మెదడుకు తెలిసి, చెయ్యి కదపడానికి సుమారు సెకనులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పడుతుంది. ప్రోగ్రాముకు ఆ ఆలస్యం లేదు. రెండు గజాల దూరంలో ఇద్దరూ ఎదురుపడితే ఆ సెకనులో ఐదో వంతే చావుబతుకులు తేల్చేస్తుంది. ఏళ్ల తరబడి మణికట్టును సాధన చేసి సంపాదించిన గురికి, ఆట ఉచితంగా ఇచ్చే గురికి ఒకే విలువ ఎలా అవుతుందని అతని ప్రశ్న.

ఈ ప్రశ్నలో బలం ఉందనడానికి నిపుణుల నడవడే సాక్ష్యం. పీసీ దగ్గర కూర్చున్న వార్‌జోన్ ఆటగాళ్లలో చాలామంది మౌస్ పక్కన పెట్టి కంట్రోలర్ పట్టుకున్నారు. ‘ఏపెక్స్ లెజెండ్స్’ అనే మరో ఆటలో ఇంపీరియల్‌హాల్ పేరుతో ఆడే ప్రపంచ స్థాయి జట్టు నాయకుడు మౌస్‌తో పేరు తెచ్చుకున్నవాడే, చివరికి కంట్రోలర్‌కు మారాడు. కాల్ ఆఫ్ డ్యూటీ వృత్తి పోటీలు 2021 నుంచి పీసీ మీద జరుగుతున్నా, ఆటగాళ్ల చేతుల్లో కనిపించేది కంట్రోలరే. యంత్రం పీసీది, చెయ్యి కన్సోల్‌ది. దూరపు కాల్పుల్లో మౌస్‌కు మొగ్గు, దగ్గరి పోరులో కంట్రోలర్‌కు మొగ్గు. 1978లో మౌస్ గెలిచింది నిజం. ఆ మైదానంలో స్టిక్‌కు ఎవరూ సాయం చేయలేదు. ఇక్కడ సాయం ఉంది. ఎంత సాయమన్నదే అసలు లెక్క.

అంతేకాదు, ఎవరు ఏ వైపు అన్నది కూడా తారుమారైంది. కన్సోల్‌కు మౌస్ తగిలించి, అది కంట్రోలరేనని యంత్రాన్ని నమ్మించే పరికరాలు వచ్చాయి. మౌస్ కచ్చితత్వమూ దక్కుతుంది, ఎయిమ్ అసిస్టూ దక్కుతుంది. తుపాకీ అదురును తానే సరిదిద్దే పరికరాలూ వచ్చాయి. అందుకే 2023లో యాక్టివిజన్ వాటి మీద కూడా నిఘా పెట్టింది. అదే ఏడాది ‘రెయిన్‌బో సిక్స్ సీజ్’ ఆటలో యూబీసాఫ్ట్ సంస్థ మౌస్‌ట్రాప్ అనే ఏర్పాటు తెచ్చింది. అలాంటి పరికరం పట్టుబడితే ఆటగాడి కదలికలకు కావాలనే ఆలస్యం కలిపి, వచ్చిన లాభాన్ని హరిస్తుంది. కాబట్టి మోసం పీసీవాళ్ల జాతి లక్షణమన్నా, సులువు కన్సోల్‌వాళ్ల జాతి లక్షణమన్నా నిలబడదు. అవకాశం ఉన్న చోటల్లా మోసం మొలుస్తుంది.

శ్రోతలారా, నేను రెండు వైపులా విన్నాను, రెండు రకాలుగానూ ఆడాను. నాకు తోచింది నిర్మొహమాటంగా చెబుతాను. ఇద్దరి ఫిర్యాదులూ నిజమైనవే. ఇద్దరూ వేలు చూపిస్తున్న దిక్కే తప్పు. చూపు వెడల్పును 80 దగ్గర బిగించింది పీసీ ఆటగాడు కాదు. ఎయిమ్ అసిస్ట్ బలం ఎంతుండాలో రాసింది కన్సోల్ ఆటగాడు కాదు. ఈ నిర్ణయాలన్నీ ఆట తయారు చేసినవాళ్లవి. ఆడేవాళ్లకు చెప్పకుండా తీసుకున్నవి. నియమం కనపడనప్పుడు ఓడినవాడికి నియమాన్ని నిలదీసే దారి ఉండదు. అందుకే ఎదుటి మనిషిని తిడతాడు.

మనకు బాగా తెలిసిన క్రికెట్‌నే చూడండి. 1979 డిసెంబర్‌లో పెర్త్ టెస్టులో ఆస్ట్రేలియా బౌలర్ డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్ పట్టుకుని దిగాడు. అప్పటికి బ్యాట్ కర్రతోనే చేయాలన్న నియమం ఎక్కడా రాసిలేదు. ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ బ్రేర్లీ అభ్యంతరం చెప్పాడు, ఆట ఆగింది, గొడవైంది. తర్వాత బ్యాట్ కర్రతోనే ఉండాలని నియమావళిలో రాశారు. బ్యాట్లు లావెక్కిపోతున్నాయని బౌలర్లు మొత్తుకుంటే, 2017లో అంచు 40 మిల్లీమీటర్లు, మందం 67 మిల్లీమీటర్లు దాటకూడదన్నారు. కొలిచే పరికరాన్ని అంపైర్ల చేతికిచ్చారు. ఆ అంకెలు ప్రతి కుర్రాడికీ అందుబాటులో ఉన్నాయి. బౌలర్ ఇప్పుడు బ్యాట్స్‌మన్‌ను దొంగ అనడు. అనుమానముంటే కొలవమంటాడు.

ఆటల కంపెనీల్లోనూ ఈ దారిలో కొంత నడిచినవి ఉన్నాయి. ఏపెక్స్ లెజెండ్స్‌లో ఎయిమ్ అసిస్ట్ బలం కన్సోల్ మీద 0.6 అని, పీసీ మ్యాచ్‌లలో 0.4 అని ఆటగాళ్లందరికీ తెలిసేది. 2024లో పీసీ మ్యాచ్‌లలో దాన్ని 25 శాతం తగ్గిస్తున్నామని తయారీదారు రెస్పాన్ సంస్థ బాహాటంగా ప్రకటించింది. తగువు ఆగిపోలేదు. కానీ వాదన అంకె చుట్టూ తిరిగింది, 0.4 ఎక్కువా 0.3 తక్కువా అని. అంకె మీద వాదించుకునేవాళ్లు ఏదో ఒక రోజు ఒప్పందానికి రాగలరు. ఒకరి పుట్టుక మీద ఒకరు వాదించుకునేవాళ్లు ఎన్నటికీ రాలేరు.

2021లో ‘హేలో ఇన్ఫినిట్’ వచ్చినప్పుడు ర్యాంకుల పోటీలో దారులు వేరు చేశారు. ఒంటరిగానో ఇద్దరుగానో ఆడేవాళ్లలో మౌస్‌వాళ్లకు ఒక వరుస, కంట్రోలర్‌వాళ్లకు ఒక వరుస, కలిసి ఆడతామనేవాళ్లకు మూడో వరుస పెట్టారు. విభజనకు ఆధారం యంత్రం కాదు, చేతిలో ఉన్న సాధనం. ఇది సరైన కొలత అని నా అభిప్రాయం, ఎందుకంటే తేడా నిజంగా ఉన్నది అక్కడే.

కాల్ ఆఫ్ డ్యూటీ కూడా మెల్లగా కదిలింది. మోసాన్ని పట్టడానికి 2021లో రికోషే అనే వ్యవస్థను ప్రకటించింది. పీసీలో అది చాలా లోతుకు వెళ్లి కాపలా కాస్తుంది. 2025 మొదట్లో ‘బ్లాక్ ఆప్స్ 6’ ర్యాంకుల పోటీల్లో కన్సోల్‌వాళ్లు పీసీవాళ్లను మాత్రం వద్దనుకునే వీలు కల్పించింది. ఇందాక 2009 నాటి పెత్తనం సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఒకప్పుడు ఆటగాళ్లే తమ సర్వర్‌లో మోసగాణ్ని గెంటేసేవాళ్లు. ఆ కాపలాను కంపెనీ తీసుకున్నాక, దొంగను పట్టడానికి మన కంప్యూటర్ లోపలి గదుల్లోకి వచ్చి కూర్చోవలసి వచ్చింది. ఆటగాడి చేతిలో ఎంపిక ఉంటే తగువు చిన్నదిగా ఉంటుంది. ఎంపిక పోతే కాపలాలు పెరుగుతాయి, అనుమానాలూ పెరుగుతాయి.

యంత్రాల మధ్య ఉన్న ఈ గోడల వెనక వ్యాపారం ఎంత పెద్దదో ఒక కోర్టు కేసు చూపించింది. యాక్టివిజన్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటామని 2022 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కాల్ ఆఫ్ డ్యూటీ తమ ప్లేస్టేషన్‌కు దక్కకుండా పోతుందేమోనని సోనీ అడ్డం తిరిగింది. అమెరికా ప్రభుత్వ సంస్థ కోర్టుకెక్కింది. 2023 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్లలో మైక్రోసాఫ్ట్ అధినేత, మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల ఒకరు. ఒక కన్సోల్‌కే పరిమితమయ్యే ఆటల పద్ధతి తన చేతుల్లో ఉంటే తీసేస్తానని, కానీ మార్కెట్‌లో పెద్దదైన సోనీ పోటీని అలా మలిచిందని ఆయన చెప్పారు. ఆ ఏడాది అక్టోబర్ 13న కొనుగోలు పూర్తయింది. కాల్ ఆఫ్ డ్యూటీని పదేళ్లపాటు ప్లేస్టేషన్‌కు ఇవ్వడానికి ఒప్పందమూ కుదిరింది. నా యంత్రం గొప్ప, నీ యంత్రం గొప్ప అని పిల్లలు గొంతు చించుకుంటుంటే, ఆ యంత్రాల యజమానులు బల్ల చుట్టూ కూర్చుని సంతకాలు చేసుకుంటున్నారు. ఇది ప్రతి ఆటగాడూ తెలుసుకోవాలి.

తెలుగునాట ఈ తగువుకు ఇంకో రూపం ఉంది. 2000 తర్వాతి ఏళ్లలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడినవాళ్లు ఇవాళ పిల్లల తండ్రులయ్యారు. అక్కడ అందరిదీ ఒకే రకం యంత్రం, ఒకే మౌస్. ఓడితే సాకు దొరికేది కాదు. తర్వాతి తరం ఫోన్లకు వెళ్లింది. పబ్‌జీ మొబైల్‌లో, ఫోన్ ఆటను కంప్యూటర్ మీద నడిపించే ఎమ్యులేటర్ పెట్టి మౌస్‌తో ఆడేవాళ్లను గుర్తించి, వాళ్లలో వాళ్లనే కలిపేవారు. 2020 సెప్టెంబర్‌లో మన దేశంలో ఆ ఆటను నిషేధించారు, 2021లో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది. ఇప్పుడు మన కుర్రాళ్ల వాదన ఐప్యాడ్ వ్యూ గురించి. ఐప్యాడ్ తెర ఆకారం వల్ల మైదానం ఎక్కువ మేర కనిపిస్తుంది, ఫోన్‌వాడికి ఆ మేర కనిపించదు. వార్‌జోన్‌లో 80 డిగ్రీలకూ 120 డిగ్రీలకూ మధ్య జరిగిన గొడవే ఇది. కరీంనగర్ కుర్రాడికైనా, కాలిఫోర్నియా కుర్రాడికైనా కడుపుమంట ఒకటే. నేను చూడలేనిది వాడెలా చూస్తున్నాడు?

ఇంట్లో ఈ ఆటలాడే పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈసారి గదిలోంచి అరుపులు వినిపిస్తే తిట్టే ముందు ఒక ప్రశ్న అడగండి. "నీకు జరిగిన అన్యాయం ఏమిట్రా నాన్నా, నాకు అర్థమయ్యేలా చెప్పు" అనండి. న్యాయం గురించి వాడు చేసే మొదటి గట్టి ఆలోచన బహుశా ఇదే. ఫిర్యాదును ఆధారంతో చెప్పడం, ఎదుటివాడి ఇబ్బందిని తన ఇబ్బందితో సమానంగా తూచడం, మనిషిని వదిలి నియమాన్ని ప్రశ్నించడం, ఇవి వాడికి జీవితమంతా పనికొస్తాయి.

ఆటగాళ్లకు చెప్పేది ఇది. మీకు మౌస్ అలవాటైతే ఒక వారం కంట్రోలర్‌తో దూరపు శత్రువును కొట్టి చూడండి. కంట్రోలర్ అలవాటైతే ఒక వారం మౌస్‌తో దగ్గరి పోరు చేసి చూడండి. ఎదుటివాడి చేతి కష్టం మీ చేతికి తెలుస్తుంది. తెలిశాక నోరు దానంతట అదే అదుపులోకి వస్తుంది. అడగవలసినవి కలిసి అడగండి. ఎయిమ్ అసిస్ట్ ఎంత దూరంలో ఎంత బలంగా పనిచేస్తుందో అంకెల్లో ప్రకటించాలి. నన్ను ఓడించినవాడి చేతిలో ఏ సాధనం ఉందో నాకు చూపించాలి. చూపు వెడల్పు లాంటి వెసులుబాట్లు యంత్రం భరించగలిగినంత వరకు అందరికీ సమానంగా ఇవ్వాలి. ఎవరితో ఆడాలో ఎంచుకునే హక్కు నాకుండాలి, ఆ హక్కు వాడుకున్నందుకు శిక్ష ఉండకూడదు.

ఇవి అత్యాశలు కావు. 2009లో పీసీవాళ్లు ఒంటరిగా అడిగారు. కన్సోల్‌వాళ్లు అది తమ గొడవ కాదనుకున్నారు. కంపెనీ వినలేదు. 2018లో అన్ని యంత్రాలవాళ్లూ ఒకే గొంతుతో అడిగారు. మూడు నెలల్లో సోనీ లాంటి సంస్థ తన పాత పట్టు వదిలింది. ఈ రెండు సంఘటనల మధ్య ఉన్న తేడాయే మనకు పాఠం. మౌస్ పట్టిన చెయ్యీ, కంట్రోలర్ పట్టిన చెయ్యీ ఒకే అర్జీ మీద సంతకం చేస్తే, దాచిన అంకెలు బయటికి వస్తాయి. ఆ పని ఆటగాళ్లే చేయాలి, చేయగలరు కూడా.